పెళ్ళికూతురి ముక్కు

స్టూడియో యజమాని బావగారికి, మీ బావమరిది నమస్కరించి రాయించేది. దస్తూరి చూసి ఉలిక్కిపడకండి. నేను చెబుతుంటే అక్క రాస్తోంది. ఎక్కడైనా ఘాటుగా ఉంటే అది ఆవిడ కలిపిందే.

పెళ్ళికూతురి ఫొటోలో ముక్కు చెరిపేశానని కస్టమర్ల ముందే నన్ను దులిపేశారు. ముఖం మీద మచ్చ కనిపించింది, చెరిపాను. ఆ మచ్చ నా కంట్లో ఉందని నాకేం తెలుసు? డెంగీ జ్వరం తగ్గాక నాలాంటి కొందరికి కంటి వెనక పొర వాచి, చూపు నడిమధ్య మసక పడుతుందట. చుట్టూ అంతా కనిపిస్తుంది, సూటిగా చూసిందే కనిపించదు. చూపు మళ్లీ రావచ్చు, రాకపోవచ్చు అన్నారు కంటి డాక్టరుగారు. "జ్వరం పోయాక కళ్లు పోవడమేంట్రా, పనిదొంగా!" అన్నారు మీరు. పాపం, డాక్టరుగారికి మీ అంత తెలియదు.

ఈ జబ్బులో ఒక సుఖముంది. మీరు తిడుతుంటే మీ ముఖంలో చెవులు తప్ప ఏమీ కనిపించవు. నిన్న అలా చూస్తుంటే, పక్కన కూలర్ తొట్టిలో ఏదో మెదిలింది. అక్క టార్చి వేసి చూస్తే నీళ్లనిండా దోమపిల్లలు. "పారబోస్తే మళ్లీ ఎవడు నింపుతాడు?" అన్నది మీరే కదా. అక్క అక్కడే తొట్టి బోర్లించేసింది.

మీ చిన్నది రోజూ ఆ కూలర్ పక్కనే హోంవర్క్ చేసుకునేది. పొద్దుటినుంచి దాని ఒళ్లు కాలిపోతోంది. ఉత్తరం మీ బల్లమీద పెట్టి, దాన్ని తీసుకుని ఆసుపత్రికి వెళ్తున్నాం. బడి ఎగ్గొట్టడానికి వేషాలేస్తోందేమో, మీ రెండు కళ్లూ బాగానే ఉన్నాయి కదా, వచ్చి సూటిగా చూసి చెప్పండి.