ఇంటి లప్పం

రాయచూరు
22 ఫిబ్రవరి 1990, గురువారం

నాయనకు తాయప్ప కాళ్లు మొక్కి రాస్తున్న జాబు.

ఇంట్ల అమ్మ, నేను కుశలం. నా బుర్ర ఒక్కటే కుశలం లేదు. ఎందుకో కిందికి చదివినకొద్దీ నీకే తెలుస్తది. షోలాపురంల నీ నడుం నొప్పి ఎట్లున్నది? లారీల కింద పండుకొని రంగు పని చేయొద్దని అమ్మ రెండుసార్లు రాయమన్నది. ఒకసారి రాసిన, రెండుసార్లు అనుకో.

నీ జాబుల మూడు ప్రశ్నలు అడిగినవు. మొదటిది అమ్మ దగ్గు. తగ్గింది, రాత్రి మంచిగనే నిద్రపోతున్నది. రెండోది పడవ పని ఎంతవరకు వచ్చింది అని. మూడోది, చెక్కల సందులకు ఏ లప్పం పెట్టినవు అని. మూడోదానికి చివరికి జవాబిస్త. ముందు రెండోది.

పడవ థర్మల్ కరెంటు ఫ్యాక్టరీ కాలనీ క్లబ్బోళ్లది. పన్నెండడుగుల చెక్క పడవ, ఒకటే తెరచాప. కృష్ణ ఒడ్డున రేకుల షెడ్డుల ఉన్నది. మార్చి నాలుగు, ఆదివారం నాడు నీళ్లల్లకు దింపాలె. "అమరేశప్ప పెయింటర్ కొడుకా? అయితే సరే" అని క్లబ్బు సెక్రెటరీ వాదిరాజ్ సారు నాకు పని ఇచ్చిండు. నా ముఖం చూసి ఇయ్యలే, నీ పేరు చూసి ఇచ్చిండు.

పనంటే నేను, బ్రష్షు, చెక్క, అంతే అనుకున్న. నాయనా, నది ఒడ్డున ఎంతమంది ఉంటరో నాకేం తెలుసు! కాలనీ దీపాలు వెలగంగనే సన్న పురుగులు దండు కట్టి వస్తయి. తడి ఎనామెల్ మీద వాలి, అక్కడనే ప్రాణం ఇడుస్తయి. తెల్లారి చూస్తే తెల్ల పడవకు గడ్డం మొలిచినట్లుంటది. గరుకు కాగితంతో రుద్ది మళ్ల వేస్త. మళ్ల గడ్డం. ఫ్యాక్టరీ వేడినీళ్ల కాలువకు చేపలు, ఆ చేపలకోసం లకుముకిపిట్టలు, వాటికి కూసోనీకె నా తెరచాప కొయ్య. కొయ్య కొనకున్న బొక్కల కందిరీగ మట్టితో గూడు కట్టింది, తాడు దూరదు. పుల్లతో గెలికితే కంటి మీద కుట్టింది. రెండు దినాలు ఒంటికన్నుతో రంగు వేసిన. అయినా గీత వంకర పోలే, నీ మీద ఒట్టు. ఒక కోతి అయితే రెండంగుళాల బ్రష్షు ఎత్తుకపోయి, రేకుల మీద కూసొని, అచ్చం నా లెక్కనే రేకుకు పూసింది.

అది చూసి యలమందయ్య పడిపడి నవ్విండు. షెడ్డుకు రాత్రి కాపలా ఆయనే. కోస్తా మనిషి, నీ ఈడువాడు. పోతనాళ దిక్కు కౌలుకు వరి చేసి, కాలువ నీళ్లు అందని ఏడాది పొలం ఇడిచిపెట్టి ఇటు వచ్చిండు. పొద్దున నేను షెడ్డుకు పోయేదాక ఉండి, ఏదో ఒకటి అని పోతడు.

"ఏవయ్యా కామ్రేడూ, కోతులకి కూడా సంఘం పెట్టించావా? బ్రష్షు ఇవ్వకపోతే సమ్మె అంటున్నాయి!"

నేను కూలీల సంఘం కరపత్రం చదువుకుంటుంటే, "ఆ కాయితంలో కోపం తగ్గే మందేవన్నా రాశారా?" అంటడు. నా సంగతి నీకు తెలుసు కదా. కోపం తగ్గే మందు అనంగనే కోపం పెరిగింది.

ఇగ అసలు సంగతి. రంగు వేసినంక, లప్పం పెట్టిన తావులల్ల గుంటలు పడబట్టినయి. ఉలితో గీకినట్లు. ఒకనాడు రెండు, మర్నాడు ఐదు. యలమందయ్యను గట్టిగ అడిగిన.

"పందికొక్కులయ్యా. పొలాల్లో పుట్టి పెరిగినోణ్ణి, నాకు తెలీదా?"

"పందికొక్కు పడవను తింటదా? నా చెవుల పువ్వు పెడ్తున్నవా?"

అదే వారం ఒక కరపత్రంల చదివిన, యాజమాన్యం పేదోని పనిని పేదోని చేతనే చెడగొట్టిస్తదని. ఆ వాక్యంల నాకు యలమందయ్య ముఖం కనపడ్డది. సోమవారం పొద్దున కూసొని రెండు పేజీల ఫిర్యాదు రాసిన. ద్రోహి అనే మాట మూడుసార్లు రాసిన. వాదిరాజ్ సారు చదివి, "ఏనప్పా, ఇది ఫిర్యాదా, ఉపన్యాసమా?" అన్నడు. అన్నడు గని, వచ్చే సోమవారం ఇద్దరినీ పిలిచి విచారిస్త, అప్పటిదాక ఇంట్లనే ఉండు అని యలమందయ్యను పంపించిండు. నేను నా మాట మీద నిలబడి సంతకం పెడితే ఆయన కొలువు పోయినట్లే. ఆ ముసలాయన నన్నొకసారి చూసి, టార్చిలైటు సారు బల్ల మీద పెట్టి పోయిండు.

సోమ, మంగళవారం రాత్రులు షెడ్డుకు కాపలా లేదు. బుధవారం పొద్దున చూస్తే కొత్తగ నాలుగు గుంటలు!

ఆ మధ్యాన్నం చప్పుడు చేయకుండ మూలకు కూసున్న. పొద్దు వాలకముందే వచ్చింది, పిల్లి అంత పందికొక్కు. నేనున్నన్న భయం కూడ లేదు. ముందరి కాళ్లు పడవకు ఆనిచ్చి, లప్పం పెళ్లలు పెళ్లలుగ లేపి తిన్నది. రంగు పొర పక్కకు ఊసింది.

నాయనా, ఇది నీ మూడో ప్రశ్నకు జవాబు. మన ఇంటి లప్పమే పెట్టిన. సుద్దపొడి, అగిసె నూనె, చింతగింజల గంజి, పట్టుకోసం బెల్లం పాకం. నువ్వు నేర్పినట్లే కలిపిన. క్లబ్బోళ్లు ఇచ్చిన కంపెనీ లప్పం డబ్బా మూత కూడ తీయలే, నా మంచం కింద ఉన్నది. పెద్ద కంపెనీల సరుకు ఎందుకు, మన చేతి విద్య ఉండగ అని గుండె పొంగి చేసిన. సారు అడిగితే మాత్రం కంపెనీదే పెట్టిన అన్న. మన చేతి విద్య అంటే అంత గర్వం ఉన్నోణ్ణి ఆ ఒక్క మాట ఎందుకు దాచిన్నో నాకే అర్థమైతలేదు. లారీ దినాం తిరుగుతది, డీజిల్ వాసన కొడ్తది, దాని జోలికి ఎలుక పోదు. ఒడ్డున కదలకుండ పండుకున్న పడవకు బెల్లం, చింతగింజ పూసి, పందికొక్కుకు విస్తరి వేసి, కాపలా మనిషిని ద్రోహి అన్న.

ఇయ్యాల పొద్దున యలమందయ్య ఇంటికి పోయిన. వాకిట్ల కూసొని వెదురు బద్దలతో ఎలుకలు పట్టే బుట్టలు అల్లుతున్నడు.

"ఇవెందుకు, పెదనాయనా?" అన్న. అంతకుముందెప్పుడూ వరస పెట్టి పిలవలే.

"ఎందుకేంటి, నీ పడవకే. బొరియల దగ్గర పెట్టుకో."

"ఎందుకు వస్తున్నయో నీకు తెలుసా?"

"మొదటి రోజే తెలుసు. షెడ్డు తలుపు తియ్యగానే అరిసెల పాకం పట్టినట్టు వాసన."

"మరి సారుకు ఎందుకు చెప్పలే?"

"పందికొక్కులని చెప్పాను. బెల్లం సంగతి చెబితే నీ పని పోదూ? మీ నాన్న పేరు మీద ఇచ్చిన పనంటగా."

లోపలినుంచి ఆయన ఇంటామె పున్నమ్మ మజ్జిగ తెచ్చి నా ముందర ఠక్కున పెట్టింది. "ఆయనకేం, పెద్దమనిషి, ఎన్నైనా చెబుతాడు. కొలువు లేకపోతే మళ్లీ ఏ ఊరు పోవాలో నన్నడుగు" అన్నది. నా ముఖం చూడలే.

తిడ్తడనుకొని పోయిన నాయనా. తిడితే బదులు చెప్పనీకె దారిపొడుగునా మాటలు కూడ తయారు చేసుకున్న. తిట్టలే. పేదోని పనిని చెడగొట్టిన పేదోని చేయి ఏదని ఆ కరపత్రం వాక్యంల వెతికితే నాదే దొరికింది. నేను చదివిన కాగితాలన్నీ మళ్ల తిరగేసిన, గిట్లాంటి మనిషి సంగతి ఎక్కడా లేదు. కంపెనీ లప్పం మంచిదా, మనది మంచిదా, అది కూడ తెలుస్తలేదు. ఇరవై ఏండ్లు మనది లారీల మీద నిలబడ్డది కదా?

సోమవారం నిజం చెప్తే పని పోవచ్చు. నీ పేరుకు కూడ మచ్చ రావచ్చు. చెప్పకపోతే ఆయన కొలువు పోతది. ఏం చేయమంటవని నిన్ను అడుగుదామంటే, నీ జవాబు వచ్చేసరికి సోమవారం దాటిపోతది. అందుకే అడుగుతలేను, చెప్తున్న. మంచం కింది డబ్బా, పంటి గుర్తులు పడ్డ లప్పం పెళ్ల రెండూ తీసుకపోయి సారు బల్ల మీద పెడ్త, టార్చిలైటు పెట్టిన తావుల్నే. మా నాయన లప్పం మంచిదే, పెట్టిన తావు నా తప్పు అని చెప్త. పనిల ఉంచితే అంతా గీకి మళ్ల పెడ్త.

అమ్మకు ఇంకా చెప్పలే. బెల్లం డబ్బా ఎట్ల ఖాళీ అయిందని పది దినాలనుంచి అడుగుతున్నది, చీమలను తిడుతున్నది. ఈ జాబు పోస్టు డబ్బాల వేసి వచ్చి, ముందు చీమల మీది నింద తీసేస్త.

ఇట్లు,
నీ లప్పం కలపడం నేర్చుకొని, పెట్టే తావు నేర్చుకోని
నీ కొడుకు
తాయప్ప