పక్కింటాయన గుండె

నవంబరు 2006, ఆదివారం రాత్రి. ఇందిరాపురం.

నా గుండెకు స్టెంటు వేశాక ఇవాళే మొదటి పరుగు పందెం. గుండె వేగం కొలిచే పట్టీ ఛాతీకి కడుతూ నా భార్య సుజాత ఒట్టు వేయించుకుంది: "వాచీలో నూట నలభై దాటితే ఆగిపోవాలి."

సగం దూరంలో వాచీ నూట డెబ్బై చూపింది. ఆయాసం లేదు, నొప్పి లేదు. అయినా ఆగాను. నా పక్కనే పరుగెడుతున్న పక్కింటి మూర్తి గారూ రొప్పుతూ ఆగారు.

"అది నా గుండేమోనండీ! ఇద్దరం ఒకే రకం పట్టీ కొన్నాం కదా, నా పట్టీ పంపే సంకేతాన్ని మీ వాచీ అందుకుంటోందేమో. ఉండండి, దూరంగా వెళ్లి చూస్తాను."

ఆయన మంచినీళ్లిచ్చే బల్ల దాకా వెళ్లగానే నా వాచీలో అంకె పడిపోయింది. మళ్లీ పరుగెత్తినా నూట ముప్ఫై దాటలేదు. ఎవరు చెప్పారో తేలకుండా ఏ అంకెనూ పత్రికలో రాయని విలేకరిని నేను; వాచీలో ఈ అంకె ఎవరిదో మాత్రం అడగకుండానే నమ్మాను. మిగతా దూరం ఊపిరిని గమనించుకుంటూ పూర్తి చేశాను.

ఇంటికొచ్చి చెబితే సుజాత నవ్వలేదు. "ఈసారి నిజంగా మీదే నూట డెబ్బై అయితే నమ్ముతారా?"

పట్టీ విప్పి ఆమె చేతిలో పెట్టాను.

"అయితే నేనూ వస్తాను. పక్కనే పరుగెడుతూ మాట్లాడిస్తుంటాను. మీకు మాట తడబడితే, వాచీ ఏం చూపినా ఇద్దరం ఆగుదాం."

తన పాత కాన్వాస్ బూట్లు ఉతికి బాల్కనీలో పెట్టింది. ఇంకా నీళ్లు కారుతున్నాయి.