బుడగ అంచున పంతొమ్మిది చుక్కలు

ఆంటొఫగాస్తా,
మే 6.

నా గ్రిసెల్దా అక్కకి,

మా పరిశోధన పెద్ద డాక్టర్ బాల్దొమేరో గారి సిద్ధాంతం వింటే నవ్వుతావు. ఒక పెద్ద నక్షత్రం తన చుట్టూ ఉన్న దుమ్మును తోసి తోసి బుడగలా ఊదింది. ఆ బుడగ అంచున పంతొమ్మిది పసి నక్షత్రాలున్నాయి. తోసిన దుమ్మంతా అంచున కుప్పపడి నలిగింది కాబట్టే అవి పుట్టాయట. మధ్యలో ఒక మహానుభావుడు కూర్చుని ఊదితే చుట్టూ అందరూ పుట్టుకొస్తారన్నమాట! తన గురించి తాను అనుకునేదే ఆకాశానికీ అంటగట్టాడు. రొట్టె మీద పులుముకున్న అవకాడో గడ్డానికి కూడా అంటించుకుని, "కంటికి కనిపిస్తుంటే ఇంకా కొలతలెందుకమ్మా ఇస్మేనియా?" అంటాడు.

రెండేళ్లు కొలిచింది నేను. ఆ నక్షత్రాల వేగమూ బుడగ వేగమూ కలవడం లేదు. అంటే అవి బుడగకి చాలా ఇవతల ఉన్నాయి; మన చూపుకి మాత్రమే అంచున ఉన్నట్టు కనిపిస్తాయి. చెబితే వినడు. అందుకే మేమిద్దరం కలిసి పంపిన వ్యాసంలోంచి నా పేరు తీసేయమని పత్రిక వాళ్లకి రాసేశాను. నువ్వు ఫోన్లో "రెండేళ్ల కష్టం వాడి చేతిలో పెట్టొస్తావటే పిచ్చిమొహమా?" అని తిట్టావు. ఆ చెత్త కింద నా పేరుంటే నాకు తిండి సహించదక్కా. శుక్రవారం శాంటియాగోలో జరిగే ఖగోళ శాస్త్రవేత్తల సభలో అందరి ముందూ ఆయన పరువు తీస్తాను.

నీ చెల్లెలు,
ఇస్మేనియా

శాంటియాగో,
మే 19.

అక్కా,

సభలో నా లెక్కలు తెర మీద పెట్టాను. ఆయన ముందు వరసలోంచి నెమ్మదిగా, "నక్షత్రాల వేగంలోంచి మన భూమి కదలిక తీసేశావా అమ్మా?" అన్నాడు.

"ఆమాత్రం తెలియకుండానే వచ్చానా సార్?" అన్నాను. అందరూ నవ్వారు.

"అబ్జర్వేటరీ వాళ్లు తీసేసే పంపుతారు కదా. నువ్వు మళ్లీ తీశావా?"

తీశాను. బుడగ వేగం పాత జాబితాలోది, దానికి ఒక్కసారే తీశారు. నక్షత్రాలకి రెండుసార్లు తీసింది నేను. చదువుకున్న గాడిద చేసే పని ఇది. అక్కడే నిలబడి సరిచేశాను. పంతొమ్మిదింటి వేగమూ బుడగ వేగంతో కలిసింది; ఆయన చెప్పిందే నిజం.

బయటికి వచ్చాక, "కొలతలు నీవి. నీ పేరు మళ్లీ రాయిస్తాను" అన్నాడు. ముఖంలో వెక్కిరింపు లేదు. ఉంటే బాగుండేది, నాలుగు తిట్టేదాన్ని. ఆయన దయ నాకెందుకని "అక్కర్లేదు" అన్నాను. కొలతలు వాడుకోమని సంతకం కూడా పెట్టాను, మహారాణిలా.

నిన్న వ్యాసం ఆయన ఒక్కడి పేరుతో అచ్చుకి వెళ్లిపోయింది. పొద్దుటినుంచి ఏడుస్తూనే ఉన్నాను. నువ్వన్నట్టు ఆయన చేతిలో పెట్టి రాలేదక్కా, ఆయన తిరిగి ఇస్తుంటే నేనే తోసేశాను.

ఇస్మేనియా