మా అక్క సంతకం పైన నేను రాసిన మాట

కర్మాగారాల తనిఖీ అధికారి గారి సముఖమునకు,
నెల్లూరు.

ముత్తుకూరు మండల నివాసి, సాగరరేఖ బొగ్గు యార్డులో సేఫ్టీ విభాగపు గుమాస్తా అయిన కె. జడ్సన్ వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మే నెల 19వ తేదీన యార్డులో వడదెబ్బ తగిలి మరణించిన కాంట్రాక్టు కార్మికురాలు రెబెక్కమ్మ మీద మోపిన "స్వీయ నిర్లక్ష్యం" అను మాటను కొట్టివేయవలెననియు, అందుకు ఆధారముగా చూపిన హాజరు పట్టీ అబద్ధమనియు, ఆ అబద్ధము వ్రాసిన చేయి నాదేననియు మనవి.

1. నేను పై యార్డులో ఏడు సంవత్సరములుగా పనిచేయుచున్నాను. ఉద్యోగులకు నెలనెలా పంపే "భద్రతా వార్త" అనే నాలుగు పేజీల పత్రికను తయారు చేయడం నా పని. ఏ నెలలో ఏ అంశం రాయాలో డిసెంబరులోనే హెడ్డాఫీసు నుంచి పట్టిక వస్తుంది. ఈ ఏడాది జనవరికి రోడ్డు భద్రత, ఫిబ్రవరికి గుండె జబ్బులు, మార్చికి కంటి చూపు, ఏప్రిల్‌కు అగ్నిప్రమాదాలు. మే నెలకు కుర్చీలో కూర్చునే సరైన పద్ధతి. వడదెబ్బ జులైలో ఉంది. ఆ పట్టికను ఏ చల్లటి దేశం నుంచి దించుకున్నారో నాకు తెలియదు. పత్రిక ఇంగ్లీషులో ఉంటుంది, కంపెనీ మెయిలు ఉన్నవారికే వెళుతుంది. బొగ్గును మోసుకుపోయే కన్వేయరు బెల్టు కింద రాలిన బొగ్గు ఎత్తిపోసేవారికి మెయిలు ఉండదు.

2. మృతురాలు రెబెక్కమ్మ నాకు స్వయానా అక్క. మా అమ్మ పోయేనాటికి నాకు నాలుగేళ్ళు, అక్కకు పదిహేడు. నన్ను పెంచింది ఆమే. భర్త చనిపోయాక పదకొండేళ్ళుగా ఆ బెల్టు కిందే పనిచేసింది. తెలుగు చక్కగా చదివేది. ఆదివారం మా చర్చిలో వాక్యం చదవడానికి ఆమెనే లేపేవారు. నెలనెలా ఆమె నన్ను అడగడం మామూలు.

"ఏందిరా జడ్సా, ఈ నెల ఏం రాసినావు?"

"ఆఫీసోళ్ళకులే అక్కా. ఇంగ్లీషులో ఉంటుంది."

"మాకు రాయరా?"

"మీకు మేస్త్రీ చెప్తాడులే."

మేస్త్రీ చెప్పడని నాకు తెలుసును.

3. ఏప్రిల్ ఆఖరున, ఎండలు ముదిరినందున, మా సేఫ్టీ ఆఫీసరు నరేంద్రబాబు గారి వద్దకు వెళ్ళి, మే నెలకు వడదెబ్బ అంశం పెడదామని విన్నవించుకున్నాను. ఆయన కోప్పడలేదు. "పట్టిక మారిస్తే పైనుంచి అడుగుతారు జడ్సన్. జులైలో రాద్దువుగానీలే" అన్నారు. నేను సరేనని వచ్చేశాను. తప్పంతా ఆయన మీదకు తోయడానికి ఇది రాయడం లేదు. తెలుగులో పది వాక్యాలు రాసి బెల్టు దగ్గర స్తంభానికి అంటించి ఉంటే నా చెయ్యి పట్టుకుని ఆపేవారు ఎవరూ లేరు. కనీసం ఇంట్లో, అన్నం తినేటప్పుడు, మా అక్కకు చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. నాకు తెలిసినవి ఆమెకూ తెలుసుననుకున్నాను.

4. మే 19న జరిగినది ఆమెతో పనిచేసే మాలకొండమ్మ నాకు చెప్పినట్లుగా వ్రాయుచున్నాను. నీళ్ళ డ్రమ్ము గేటు దగ్గర ఉంటుంది. వెళ్ళి రావడానికి పావుగంట పడుతుంది. మా అక్క రెండోసారి వెళ్ళబోతే మేస్త్రీ కేకలేశాడు. మధ్యాహ్నం రెండింటికి మా అక్కకు చెమట పట్టడం ఆగిపోయింది. పార కింద పెట్టేసి, మతి చెదిరి, నేనింకా బడిపిల్లవాణ్ణే అయినట్టు, "ఇస్కూలు ఇడిసిపెట్టుంటారు. జడ్సన్ ఆకలితో ఉంటాడు, అన్నం పెట్టేసి వస్తా" అని గేటు వైపు నడవబోయి పడిపోయింది. కళ్ళు తిరిగినాయనుకుని రేకుల షెడ్డులోకి మోసుకుపోయి పడుకోబెట్టారు. ఆ షెడ్డు ఆ వేళకు పెనంలా ఉంటుంది. ఎవరో దుప్పటి కూడా కప్పారు. వ్యాను వచ్చేసరికి గంట పట్టింది. ఆసుపత్రికి చేరకముందే ప్రాణం పోయింది.

సమాధి అయిన రోజు మాలకొండమ్మ నా చేతులు పట్టుకుని ఏడ్చింది. "నీడన ఏసి, తడిగుడ్డ కప్పి, ఇసరాలంట గదా నాయనా. ఆస్పత్రిలో నర్సమ్మ జెప్పింది. మాకు ముందే ఎవురన్నా జెప్పుంటే నా కోక తడిపి కప్పుండేదాన్ని. ఆడ పైపులో నీళ్ళు ఉన్నాయబ్బా! దుమ్ము మీద కొట్టే నీళ్ళు, దండిగా ఉన్నాయి!"

అయ్యా, ఆ సమయంలో నేను అర కిలోమీటరు దూరంలో, ఏసీ గదిలో, కుర్చీ బొమ్మను పేజీ మధ్యకు జరుపుతూ ఉన్నాను.

5. హాజరు పట్టీ సంగతి. భద్రతా సమావేశానికి వచ్చినట్టు ప్రతి నెలా కార్మికుల చేత ఒక కాగితం మీద సంతకాలు తీసుకుంటాము. పైన అంశం ఖాళీగా ఉంచుతాము. సమావేశం జరగదు. తర్వాత అవసరాన్ని బట్టి నింపుకుంటాము. మే 2న తీసుకున్న కాగితంలో మా అక్క సంతకం ఉంది.

మే 22న నరేంద్రబాబు గారు మా ఇంటికి పరామర్శకు వచ్చారు. లేచేటప్పుడు ఆ కాగితం తీసి, "ఫైలు కోసం జడ్సన్. పైన ఒక్క మాట రాసేయ్. నీ చేతిరాత అయితే తేడా ఉండదు" అన్నారు. నేను రాశాను. "వడదెబ్బ: నివారణ, ప్రథమ చికిత్స" అని రాశాను. ఏడేళ్ళుగా రాసి రాసి చెయ్యి దానంతటదే కదిలిపోయింది. ఉద్యోగం పోతుందన్న భయం కూడా ఉంది. చివర్లో గుండ్రటి అక్షరాలతో మా అక్క పేరు కనిపిస్తూనే ఉంది.

6. జూన్‌లో కంపెనీ విచారణ నివేదిక వచ్చింది. "తగిన అవగాహన కల్పించినప్పటికీ మృతురాలు జాగ్రత్తలు పాటించక స్వీయ నిర్లక్ష్యం వహించినందున" అని అందులో ఉంది. దాని నకలు మా అక్క కూతురు కరుణాకుమారికి అందింది. ఆ పిల్ల నెల్లూరులో డిగ్రీ చదువుతోంది. తండ్రి లేడు, ఇప్పుడు తల్లి లేదు. కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"మామా, అమ్మకు అన్నీ చెప్పినారంట గదా. సంతకం కూడా పెట్టిందంట. మరెందుకు చూసుకోలేదు?"

నేను కాగితం మడిచి ఆ పిల్ల చేతికే ఇచ్చేశాను.

"తెలిసి కూడా పోయింది. నేనొకదాన్ని ఉండానని కూడా అనుకోలేదు."

అప్పటి నుంచి ఆ పిల్ల తల్లి పేరు ఎత్తడం లేదు. సమాధి దగ్గరికి రమ్మంటే రాలేదు. గోడ మీద ఫోటో తీసి పెట్టెలో పెట్టేసింది. మనిషి తనను తాను కాపాడుకోలేక చనిపోవడం ఒకటి, కన్నబిడ్డ చేత నిందపడటం ఇంకొకటి. రెండోది నేను చేసినది.

7. జులైలో పట్టిక ప్రకారం వడదెబ్బ అంశం వచ్చింది. ఇంగ్లీషు పత్రిక పూర్తిచేసి పంపించాను. తరువాత తెలుగులో ఒక పేజీ రాసుకుని, ఎవరి అనుమతీ లేకుండా, భోజనాల వేళ రేకుల షెడ్డుకు వెళ్ళి చదివాను. మాలకొండమ్మతో కలిసి పద్నాలుగు మంది విన్నారు. నాలుగు నిమిషాలు పట్టింది. ఆగిన తరువాత కూడా వాళ్ళు నా ముఖం వైపే చూస్తున్నారు. "ఇంతేనా?" అని అడిగింది మాలకొండమ్మ. ఇంతే అన్నాను. ఆమె చేతిలో ముద్ద గిన్నెలో పెట్టేసి అవతలికి లేచిపోయింది.

8. కావున తమరు దయతో, (అ) సదరు హాజరు పట్టీని రద్దుపరచి, రెబెక్కమ్మ మీద వ్రాసిన మాటను కొట్టివేయించి, ఆ సంగతి ఆమె కుమార్తెకు వ్రాతపూర్వకముగా తెలుపవలెను. (ఆ) నా మీద తీసుకొను ఏ చర్యకైనను నాకు అభ్యంతరము లేదు. (ఇ) ఎండల అంశం ఎండలు రాకముందే, తెలుగులో, పని జరిగే చోట, మనిషి నోటితో చెప్పించునట్లు ఉత్తర్వులు ఇప్పించవలెను. నేను చెప్పినదంతా నిజమని ప్రమాణం చేయుటకు సిద్ధముగా ఉన్నాను.

ఒక కార్మికురాలి పేరు మీద పడిన మచ్చ తుడుచు పని తమ చేతిలో ఉన్నదని చిత్తగించవలెను.

తమ విధేయుడు,
కె. జడ్సన్

తా.క. దీన్ని పోస్టు చేయకముందే కరుణాకుమారికి చదివి వినిపించాను. అయిదో పేరా దగ్గర నేను చదవడం ఆపితే కాగితం లాక్కుని తనే చదువుకుంది.

"అయితే అమ్మకు తెలీదా?"

"తెలీదమ్మా."

"ఎవురూ చెప్పలేదా?"

"చెప్పలేదు."

సమాధి రోజు కూడా ఏడవని పిల్ల నేల మీద కూలబడి ఏడ్చింది. నేను దగ్గరికి పోతే చెయ్యి విదిలించింది. తరువాత ముఖం కడుక్కుని, పెట్టెలోంచి వాళ్ళమ్మ ఫోటో తీసుకుని, చెప్పులేసుకుంది. సమాధుల తోటకేనని అర్థమై నేనూ లేచాను.

"నువ్వు రాబాక మామా" అంది.

నేను వెళ్ళలేదండీ. గడపలోనే నిలబడిపోయాను.