క్వారీ కేక

జూన్ 3, మంగళవారం

ముప్పై కుర్చీలు వేశాం. ఆరుగురు వచ్చారు.

నాటక సమాజం వాళ్ళ రిహార్సల్ హాలు మా హెల్త్ సెంటర్ వెనకే ఉంది. వారానికి ఒక పూట హాలు వాళ్ళది, రోగులు మావాళ్ళు. క్వారీ దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకున్నవాళ్ళకి పాటతో, డైలాగుతో ఊపిరి పట్టడం, వదలడం నేర్పాలి. అదీ ఏర్పాటు. పాడైన ఊపిరితిత్తులు బాగుపడవు. ఉన్న ఊపిరిని పొదుపుగా వాడుకోవడం వస్తుంది. ఇంతకంటే ఎక్కువ ఆశ ఎవరికీ పెట్టొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పారు.

పై ఆఫీసు నుంచి లెటరు కూడా వచ్చింది. నెలాఖరుకి రిజిస్టర్లో ఇరవై మంది లేకపోతే ప్రోగ్రాం ఆపేస్తారట. ఇంచార్జి నర్సుని నేనే.

జూన్ 4, బుధవారం

మామయ్యని రమ్మని అడిగాను. ముప్పై ఏళ్ళు క్వారీలో పేలుడుకి ముందు కేక వేసే పని ఆయనది. ఆ కేక చెవిన పడితే ఎక్కడి పనిముట్లు అక్కడ పడేసి పరిగెత్తేవాళ్ళు. అందరూ ఇప్పటికీ ఆయన్ని సైరన్ అనే పిలుస్తారు. ఇప్పుడు ఆ సైరన్ ఒక వాక్యం చెప్పాలంటే మధ్యలో రెండుసార్లు ఆగాలి.

ఉన్న దగ్గు చాలదా, దానికి రాగం కూడా కట్టాలా అన్నారు. నలభై ఏళ్ళు నా మీద అరిచారే, అప్పుడు ఏ మాస్టారు నేర్పాడని అత్తయ్య వంటింట్లోంచి అడిగింది. మామయ్యకి నవ్వొచ్చింది. నవ్వితే దగ్గొచ్చింది. మాట అక్కడితో ఆగిపోయింది.

జూన్ 6, శుక్రవారం

నోటితో చెబితే ఎవరూ రావడం లేదని డాక్టరమ్మ మందుల చీటీ మీదే రాసిచ్చారు. మంగళవారం, నాటకం హాలు, గంటసేపు. మధ్యాహ్నానికి మందులిచ్చే కిటికీ దగ్గర గొడవ. తొమ్మిదిమంది ఆ చీటీలు పట్టుకుని లైన్లో నిలబడ్డారు. కాంపౌండరు స్టాకు లేదు, వచ్చే వారం రమ్మని తొమ్మిదిమందినీ పంపేశాడు.

చీటీ చదవలేదా అని అడిగాను. డాక్టర్ల రాత ఎవరికి అర్థమవుతుంది సిస్టర్, నాకు తెలియనిదల్లా స్టాకు లేనట్టే అన్నాడు.

తొమ్మిదిళ్ళకీ నడిచి వెళ్ళి చెప్పొచ్చాను. కాళ్ళు పీకుతున్నాయి.

జూన్ 10, మంగళవారం

తొమ్మిదిమంది. మామయ్య కూడా వచ్చారు. చీటీ మీద రాశాక మానేస్తే డాక్టరమ్మ ఊరుకోదట.

సమాజంలో నాటకాలు వేయించే మాస్టారికి అరవై దాటాయి. ఓపిక ఎక్కువ, జుట్టు తక్కువ. అందరిచేతా ఒక్కో చరణం పాడించారు. మామయ్య నోరు విప్పలేదు. గోడ వైపు తిరిగి కూర్చున్నారు.

ఇంటికొస్తూ మూడుచోట్ల ఆగాం. మూడోచోట గోడకి ఆనుకుని చెప్పారు.

"కేకే రాని గొంతుకి పాటేంటమ్మా? పదిమందిలో పరువు తీశావు."



జూన్ 13, శుక్రవారం

మాస్టారు క్వారీ మీద చిన్న నాటకం కడతారట. అందులో పేలుడు ఉంటుందట.

జూన్ 17, మంగళవారం

పేలుడుకి ముందు వచ్చే "నిప్పు పెడుతున్నా, తప్పుకోండహో" కేక మాస్టారే వేసి చూపించారు. మామయ్య ఉండబట్టలేకపోయారు. అలా అరిచి ఉంటే సగం మంది రాళ్ళ కిందే ఉండేవాళ్ళని అన్నారు. అయితే ఎలాగో మీరే చెప్పండని మాస్టారు కుర్చీలో కూర్చున్నారు.

మామయ్య లేచారు. గాలి గుండెల్లో కాదు, పొత్తికడుపులో నింపాలట. మాట గొంతుతో నెట్టకూడదట. చివరి "హో"ని పట్టుకోకుండా జారవిడవాలట. రెండు వారాలుగా మాస్టారు చెబుతున్న పాఠం అదే. ఆయన నా వైపు చూశారు గానీ ఆ సంగతి బయటికి అనలేదు. మంచి మనిషి.

మామయ్య కేక మొదలుపెట్టారు. "నిప్పు" దగ్గరే దగ్గు పట్టుకుంది. అయినా నాటకంలో కేక వేసే వేషం మాస్టారు ఆయనకే ఇచ్చారు. వద్దనలేదు.

జూన్ 20, శుక్రవారం, ఉదయం 6

పెరట్లో సాధన. "నిప్పు పెడుతున్నా" దాకా వచ్చింది. ఇంట్లో ఏ నిప్పూ లేదని అత్తయ్య ఇరుగుపొరుగుకి చెప్పొచ్చింది.

జూన్ 24, మంగళవారం

"తప్పుకోండి" దాకా వచ్చింది. "హో" లేదు.

రిజిస్టర్లో పదకొండు మంది. శనివారం నాటకం చూడటానికి పై ఆఫీసరు వస్తాడట. ఉంచాలో తీసెయ్యాలో అక్కడే తేల్చేస్తాడట.

జూన్ 28, శనివారం, ఉదయం 8

మామయ్య ఏమీ తినలేదు. భయమా అని అడిగాను. కడుపు నిండితే గాలికి చోటెక్కడ అన్నారు. కేక రాకపోతే ఇక ఇల్లు కదలనని అత్తయ్యతో అన్నారట.

అదే రోజు, సాయంత్రం 6

రాసి తీరాలి.

హాలు నిండిపోయింది. సైరన్ వేషం కట్టాడట, చూసి నవ్వుదామని పాత క్వారీవాళ్ళంతా వచ్చారు. ఆఫీసరు ముందు వరసలో కూర్చున్నాడు. నేను తెర పక్కన ఆక్సిజన్ సిలిండరు దగ్గర ఉన్నాను.

మామయ్య ఎర్రగుడ్డ పట్టుకుని స్టేజీ మధ్యకి వచ్చి నిలబడ్డారు. ఎంతకీ నోరు తెరవరు. వెనక ఎవరో నవ్వారు. అప్పుడు ఆయన పొత్తికడుపు నెమ్మదిగా నిండటం నాకు కనిపించింది. గుడ్డ పైకెత్తారు.

"నిప్పు పెడుతున్నా... తప్పుకోండహో!"

ఒక్క ఊపిరి. "హో" వెనక గోడకి తగిలి తిరిగొచ్చింది.

ఆ వెంటనే హాల్లో సగం మంది లేచారు. ఎవరూ చెప్పలేదు. కాళ్ళే లేపాయి. ఒకాయన రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని కుర్చీ వెనక నక్కాడు. ఇంకొకాయన పెళ్ళాన్ని చెయ్యిపట్టి బెంచీ కిందికి లాగేశాడు. మూడేళ్ళుగా కర్ర లేకుండా అడుగెయ్యని పాత రాతి డ్రిల్లరు ఒకాయన, కర్ర వదిలేసి తలుపు దాకా పరిగెత్తాడు. అంతమంది పరిగెడుతుంటే ఆఫీసరు మాత్రం ఏం చేస్తాడు, ఆయనా వంగాడు.

అది నాటకమని గుర్తుకు రావడానికి కొంతసేపు పట్టింది. తర్వాత నవ్వు. నవ్వూ దగ్గూ కలిసి హాలంతా ఒకటే మోత. మామయ్య నవ్వలేదు. గుడ్డ దించలేదు. ఆ మూల నుంచి ఈ మూల దాకా తలలు లెక్కపెట్టారు. అందరూ తప్పుకున్నారని చూసుకున్నాకే చెయ్యి దించారు. చప్పట్లు అప్పుడు మొదలయ్యాయి.

సిలిండరుతో పని పడలేదు.

పాత క్వారీవాళ్ళు పేర్లు రాయించుకోవడానికి రిజిస్టరు నా చేతిలోంచి లాక్కున్నట్టే తీసుకున్నారు. నలభై మూడు పేర్లు. ఆఫీసరు మోకాళ్ళ దుమ్ము దులుపుకుని, ఇంకో ఏడాది నడపమని అందరి ముందూ సంతకం పెట్టాడు. డాక్టరమ్మ నన్ను కౌగిలించుకున్నారు. అత్తయ్య ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోవడం నేను చూడటం ఇదే మొదటిసారి.

జూలై 1, మంగళవారం

కుర్చీలు చాలలేదు. మామయ్య అందర్నీ వరసలో నిలబెట్టి, ఒక్కొక్కరి పొట్ట మీద చెయ్యి వేసి గాలి ఎక్కడ నింపుతున్నారో చూస్తున్నారు. లైన్లో ఏడో మనిషి మాస్టారు.