నాన్నగారి రేజర్లు, భీమయ్య గడ్డం

తార్నాక,
ఆదివారం.

చిరంజీవి కిట్టూకి,

అన్నయ్య ఆశీస్సులు. ఇక్కడ అమ్మ, మీ వదిన, ధరణి, నేను ఆరోగ్యంగా ఉన్నాం. నీ ఒంట్లో కూడా బాగుందని తలుస్తాను. ఆ మాట ఆరోగ్యం వరకే. మిగతా కబుర్లు అంత బాగా లేవు. ఈ ఉత్తరాన్ని జైలు ఆఫీసులో ఎవరో చదివాకే నీ చేతికిస్తారని తెలుసు. చదవనీ.

ముందు నువ్వడిగినవి చెబుతాను. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది. సాయంత్రాలు లిఫ్టులో కిందికి దిగి గేటు దాకా నడుస్తోంది. కారు ఇంకా పోలీసు స్టేషను ఆవరణలోనే ఉంది, టైర్లలో గాలి పోయి నేలకు కుంగిపోయింది. ఇక మూడోది. అక్కడిచ్చే ప్లాస్టిక్ రేజరుకి మెడంతా దద్దుర్లు లేస్తున్నాయని, నాన్నగారి పాత రేజర్లలో ఏది మెత్తగా ఉంటుందో చూసి, నాలుగు నెలల్లో నువ్వు బయటికి వచ్చేసరికి తీసి ఉంచమని రాశావు.

నాన్నగారు జుమేరాత్ బజారు పాత సామాన్లలో ఏరి తెచ్చుకున్న నాలుగూ ఉన్నాయి. ఒక్కోదానికీ యాభై ఏళ్ళ పైనే. ఒకటే బ్లేడు నాలుగింట్లోనూ పడుతుంది గాని, ఏ రెండూ ఒకేలా గియ్యవు.

మూడు ముక్కలుగా ఊడివచ్చే ఇత్తడిది నీకు గుర్తుండే ఉంటుంది. పదిహేడో ఏట నాన్నగారికి చెప్పకుండా వాడి చుబుకం కోసుకున్నావు. దాంట్లో బ్లేడు అంచు బాగా బయటికి ఉంటుంది. చెంపకి ఆనించగానే పదును తెలుస్తుంది, కిందికి దింపుతుంటే వెంట్రుకలు తెగే చప్పుడు కూడా వినిపిస్తుంది. ఒక్క దింపుకే నున్నగా అవుతుంది. కానీ చెయ్యి పిసరంత వంకరపోతే రక్తమే. రెండోదానికి అంచున దువ్వెనలాగా పళ్ళుంటాయి. చూస్తే భయమేస్తుంది గాని, వారాల తరబడి పెరిగిన గడ్డంలో అడ్డుపడకుండా పోయేది అదొక్కటే. గడ్డం పొట్టిగా ఉంటే మాత్రం ఆ పళ్ళు చర్మానికి గీరుకుంటాయి. మెడ దగ్గర నంబర్లున్న లావుపాటిది ఇంకొకటి. నంబరు పెంచితే బ్లేడు బయటికి వస్తుంది, తగ్గిస్తే లోపలికి పోతుంది. రెండు మీద పెడితే చెంపలకి హాయిగా ఉంటుంది గాని, తలకాయ పెద్దది కావడంతో ముక్కు కింద పట్టదు.

నీకు కావలసింది నాలుగోది. పిడి అడుగున తిప్పితే పైన రెండు తలుపులు తెరుచుకుంటాయే, అది. ఒక తలుపు వంగి ఉంటే యూనివర్సిటీలో మా డిపార్ట్‌మెంటు వర్క్‌షాపులో సరిచేశాను. బరువు తక్కువ. చర్మం మీద బ్లేడు నడుస్తున్నట్టే తెలియదు. దవడ కింద కాస్త గరుకు మిగులుస్తుంది, అంతే. నొక్కకూడదు. ఏ రేజరైనా దాని బరువుకి దాన్ని దిగనివ్వాలి.

జీవితమంతా ఎలక్ట్రిక్ మిషనుతో గీసుకున్నవాడివి, ఇవన్నీ నీకెలా తెలిశాయని అడుగుతావు. ఒక జబ్బు మనిషికి గడ్డం చేస్తున్నానని రెండు ఉత్తరాల కిందట రాశాను. ఎవరాయన అని అడిగావు. నేను దాటేశాను.

భీమయ్య, కిట్టూ. నువ్వు కారుతో గుద్దిన మనిషి.

నీకు తెలిసిందే అయినా మళ్ళీ రాస్తాను, మనిద్దరం దాని గురించి ఒక్కసారి కూడా పూర్తిగా మాట్లాడుకోలేదు. ఆయన క్యాంపస్ హాస్టల్లో వాచ్‌మన్. డ్యూటీ దిగి, తెల్లారుతుండగా సైకిలు మీద వారాసిగూడలో ఇంటికి పోతున్నాడు. నువ్వు స్నేహితుణ్ణి ఎయిర్‌పోర్టులో దింపి, క్యాంపస్ లోపలి రోడ్డున వస్తూ కునికిపాటు పడ్డావు. గుద్దావు. ఆగలేదు. వాకింగుకి వచ్చినవాళ్ళ కంటపడేదాకా ముప్పావుగంట ఆయన రోడ్డు పక్కన పడి ఉన్నాడు.

వారం తర్వాత ఆసుపత్రికి వెళ్ళాను. యూనివర్సిటీ నుంచి వచ్చానన్నాను, అది అబద్ధం కాదు. దవడలో ప్లేట్లు వేశారు, కుడిచెయ్యి చచ్చుబడింది, ఎడమచెయ్యి వణుకుతోంది. కుట్ల చుట్టూ గడ్డం పెరిగి చీము పడుతోందని ఎవరో ప్లాస్టిక్ రేజరుతో గీస్తున్నారు. మాట రాని ఆ నోటితో ఆయన ఏడుస్తున్నాడు. భార్య బుచ్చవ్వ గోడవైపు తిరిగి నిలబడింది. మర్నాడు నాన్నగారి రేజర్లు, బ్రష్షు, సబ్బు పట్టుకుని వెళ్ళాను.

మొదటిరోజు పళ్ళ రేజరుతో పొడుగు గడ్డం దించాను. ఆ తర్వాత ఇత్తడిదాంతో మొదలుపెట్టి మచ్చ అంచున గాటు పెట్టాను. నంబర్లది నయమే గాని, దవడ గుంటలో దాని తల ఇమడలేదు. తలుపులది పెట్టిన రోజున, అప్పటికి మాట కాస్త వస్తోంది, కళ్ళు తెరిచి అన్నాడు: "గిది మంచిగున్నది సారూ. తాకినట్టే లేదు."

"రెండో వైపు ఎలా ఉంది?" అన్నాను.

"నా మొఖం నాకు సగమే తెలుస్తది సారూ. ఆ దిక్కు మీరే చూస్కోవాలె."

ఎడమ చెంపకి స్పర్శ లేదు. అక్కడ కోసినా ఆయనకి తెలియదు. అందుకని ఆ వైపు గీసేటప్పుడు నా ఎడమచేతి వేళ్ళు ముందు పెట్టి, వేళ్ళతో చూసుకుంటూ గీసేవాణ్ణి. ఇంటికి పంపించేశాక కూడా రోజు విడిచి రోజు వర్క్‌షాపు నుంచి నేరుగా వారాసిగూడ వెళ్ళేవాణ్ణి. ఒకటే గది. బుచ్చవ్వ నీళ్ళు కాచి ఉంచేది. పని అయ్యాక నాకు చాయ్ పోసేది. ఏడాది దాటిపోయింది. నేనెవరినని వాళ్ళు అడగలేదు, నేనూ చెప్పలేదు. నువ్వు నేరం ఒప్పుకోవడంతో కేసు తొందరగా తేలిపోయింది, నేను కోర్టుకి వచ్చిన రోజున వాళ్ళు రాలేదు.

పోయిన నెల ఒక సాయంత్రం, సగం మొహం అయ్యింది, సగం మీద నురగ ఉంది. భీమయ్య ఉన్నట్టుండి అన్నాడు: "గుద్దినోడు ఎట్ల దొరికిండో తెలుసా సారూ? ఎవరో మనిషి ఠాణాకు పోయి చెప్పిండట. గా మనిషి ఎవరో ఎరుకైతే ఒక్కసారి చూడాలని ఉన్నది."

రేజరు నీళ్ళ గిన్నెలో పెట్టాను. "నేనే చెప్పాను భీమయ్యా. గుద్దినవాడు నా తమ్ముడు," అన్నాను.

కిట్టూ, ఈ మాట నీకు ముందు చెప్పవలసింది. పరాయి మనిషికి ముందు చెప్పాను. అవును, నేనే. ఆ పొద్దున ఇంటికి వచ్చి, కారుకి కుక్క తగిలిందన్నావు. నువ్వు బయటికి వెళ్ళాక సెల్లారులో కారు మీది కవరు ఎత్తి చూశాను. పగిలిన హెడ్‌లైటు అద్దంలో ఖాకీ గుడ్డ పీలిక ఇరుక్కుని ఉంది. పదకొండు గంటలకి వర్క్‌షాపులో భీమయ్య సంగతి చెప్పుకుంటున్నారు. మధ్యాహ్నం దాకా లేత్ మిషను ముందు కూర్చున్నాను, ఒక్క పని చెయ్యలేదు. తర్వాత లేచి స్టేషనుకి వెళ్ళాను. నువ్వు వెళ్ళి ఉన్న గోల్నాక స్నేహితుడి ఇంటి అడ్రసు కూడా నేనే రాసిచ్చాను. నువ్వే వెళ్ళి లొంగిపొమ్మని ముందు నీతో అని ఉండవలసింది. నీ మొహం చూస్తే ఆ పని చెయ్యలేనని భయపడ్డాను.

కారు చూసింది నీ భార్యేననుకుని, పోలీసులకి ధరణే చెప్పిందని నువ్వు నమ్మావు. ఆమె నిన్ను చూడ్డానికి మూడుసార్లు ములాఖత్‌కి వస్తే బయటికి రానన్నావు. బయటపడ్డాక ఆమె మొహం చూడనని పోయిన ఉత్తరంలో రాశావు. ఆ ఉత్తరం ధరణి కూడా చదివింది. చదివి మడిచి నాకే ఇచ్చింది. "నేను చెప్పి ఉన్నా బాగుండేది బావగారూ. చెయ్యని పనికి శిక్ష పడుతోంది," అంది. ఆ రాత్రి అన్నం తినలేదు. నేను తిన్నాను. పద్నాలుగు నెలలు ఆ పిల్ల నా కళ్ళ ముందే కోచింగ్ సెంటరుకి పోయి వస్తూ, నేను పడాల్సిన మాట తాను పడుతూ ఉంది. నేను నోరు విప్పలేదు. నిన్ను పట్టించినందుకు నేను సిగ్గుపడటం లేదు. దీనికి పడుతున్నాను. నిన్న అమ్మ ఎదుట ధరణికి అంతా చెప్పాను. బుధవారం జైలుకి వెళ్తానంది. అమ్మ నాతో మాట్లాడటం మానేసింది.

భీమయ్య ఏమన్నాడో రాయలేదు కదూ. నురగ ఎండిపోతోంది. "సొంత తమ్ముణ్ని పట్టిచ్చినవా?" అన్నాడు. ఆయన నన్ను 'నువ్వు' అని పిలవడం అదే మొదలు.

"అవును."

"నిద్ర పడ్తదా?"

"పట్టదు."

"నాకు గూడ పడ్తలేదు," అని కళ్ళు మూసుకున్నాడు. "కానియ్. సగం ఉంచకు."

మళ్ళీ నురగ పెట్టి మిగతాది గీశాను. బుచ్చవ్వ ఆరోజు చాయ్ పొయ్యలేదు. గుమ్మం దాటుతుంటే, "ఇంక రాకుండ్రి," అంది. భీమయ్య ఆమె మాటకి అడ్డు చెప్పలేదు. నేను వెళ్ళడం మానేశాను.

పోయిన గురువారం పొద్దున బుచ్చవ్వ ఫోను చేసింది. ఆ దవడతో మింగడం భీమయ్యకి ఎప్పుడూ కష్టమే. మెతుకులు ఊపిరితిత్తుల్లోకి పోయి జ్వరం పట్టుకుందట, నాలుగు రోజులకి ప్రాణం పోయింది. "మూడు వారాల గడ్డం ఉన్నది సారూ. గట్ల పంపబుద్ధి అయితలేదు," అంది బుచ్చవ్వ. "కటింగు షాపాయన మచ్చలు చూసి చెయ్యి పెడ్తలేడు. గా మొఖం మీకే ఎరుక."

వెళ్ళాను. గది నిండా చుట్టాలు. పక్కకి జరిగి నాకు దారి ఇచ్చారు. పళ్ళ రేజరుతో పొడుగు గడ్డం దించి, తలుపులదాంతో నున్నగా చేశాను. చర్మం వేలితో లాగితే లాగిన చోటే ఉండిపోతోంది, వెనక్కి రావడం లేదు. ఎలా ఉంది భీమయ్యా అని అలవాటు కొద్దీ అడగబోయాను. ఇప్పుడు రెండు వైపులా నేనే చూసుకోవాలి. మెల్లగా, గంటసేపు చేశాను. ఎక్కడా గాటు పడలేదు.

దీనివల్ల నీ శిక్ష పెరుగుతుందో లేదో నాకు తెలియదు, వకీలుని అడగాలి. ఆయన చనిపోయాడన్న సంగతి వేరెవరి నోటో నీకు తెలియకూడదని రాస్తున్నాను.

చెయ్యి కడుక్కోవడానికి బుచ్చవ్వే నీళ్ళు పోసింది. పోస్తూ అడిగింది.

"మీ తమ్మునికి ఉత్తరం రాస్తరా?"

"రాస్తాను."

"ఒక్కటి అడుగుండ్రి. ఆయనకు ఆ పొద్దుటిది ఏం యాదికి లేకుండె. డాక్టర్లనడిగితె ఎవ్వరు చెప్పలే. గుద్దినంక ఆయన మాట్లాడిండా? నన్ను పిలిచిండా? వాకింగోల్లు చూసేసరికి సోయి లేకుండెనట, కారు పోయేటప్పుడు ఉండెనా, లేకుండెనా? మీ తమ్ముడు అద్దంలకెల్లి ఎనకకు చూసే ఉంటడు గద. గంతే. మల్ల నేనేం అడుగ."

పోలీసులు ఆ ప్రశ్న అడగలేదు. కోర్టు అడగలేదు. అన్ననై ఉండి నాకూ అడగాలని తోచలేదు. ఈ భూమ్మీద దానికి జవాబు తెలిసినవాడివి నువ్వొక్కడివే, కిట్టూ.

నా మీద కోపం తీర్చుకోవడానికి నీకు జీవితమంతా ఉంది. బుధవారం ధరణి ములాఖత్‌కి వస్తుంది, బయటికి రా. తర్వాత కూర్చుని బుచ్చవ్వ అడిగినదానికి జవాబు రాయి. ఊరట కలుగుతుందని అబద్ధం రాయకు. ఆయన కదలకుండా పడి ఉంటే అలాగే రాయి. చెయ్యెత్తి పిలిచి ఉంటే, నువ్వు చూసి కూడా వచ్చేసి ఉంటే, అదీ రాయి. నేను వారాసిగూడ వెళ్ళి ఆమె ముందు కూర్చుని చదువుతాను.

ఇట్లు,
నీ అన్నయ్య
ఉమాపతి