రెండో పడవలో అదే గది

పడవ మీద నుంచి,
ప్రయాణం ముగిసే ముందురోజు, సాయంత్రం

చిరంజీవి తమ్ముడికి అన్నయ్య దీవించి రాయునది.

ఇక్కడ మేమిద్దరం క్షేమం అని రాయాలి. అందులో సగమే నిజం. అక్కడ నువ్వు క్షేమంగా ఉంటావనడంలో నాకు ఏనాడూ సందేహం లేదు. నీలాంటివాళ్ళకు ఏమీ కాదు.

నది సముద్రంలో కలిసేచోటు చూపిస్తానని ఒకమ్మాయికి మాటిచ్చావు, గుర్తుందా? నీకు ఆ సంబంధం కుదిరిన కొత్త. అందరూ నిన్ను గిరజాలోడని మురిపెంగా పిలిచే రోజులు. ఆ పిల్ల చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని పొద్దున్నే వచ్చి రేవులో బల్ల మీద కూర్చుంది. నువ్వేమో తెల్లారకుండానే పట్నం బస్సెక్కేశావు. సంగతి తెలిసి అమ్మ నన్ను పంపేసరికి చివరి పడవ కూడా వెళ్ళిపోయింది. ఇంకొంచెంసేపు చూద్దామండీ, వస్తాడేమో అంది నాతో. మరుసటేడు మా పెళ్ళయింది. ఆ తర్వాత నీ పేరు ఆమె నోట నేను వినలేదు. అచ్చాఫీసులో ప్రూఫులు చూసే నన్ను, మావాడు ఊళ్ళోవాళ్ళ తప్పులు దిద్దుకుని బతుకుతాడని నలుగురిలో ఎగతాళి చేశావట. నిజమేరా. వాటన్నిటిలోకీ నీదే పెద్దది.

మీ వదినకు మతి తప్పుతోంది. డాక్టరు దానికొక పొడుగాటి పేరు చెప్పాడు. దాని గురించి దొరికిన పుస్తకమల్లా చదివాను, చదివి ఏం చెయ్యాలో తెలియక మూసేశాను. పొయ్యి వెలిగించడం మర్చిపోయింది, సొంత కూతుర్ని ఎవరమ్మా నువ్వని అడిగింది. ఆ నది చివర మాత్రం ఆమెకు గుర్తుంది. ఎప్పుడు తీసుకెళ్తావు, ఎప్పుడు తీసుకెళ్తావు అని పొద్దస్తమానం అదే పాట. అందుకే ఈ టూరు. నువ్వు తప్పిన మాట నేను నిలబెడితే, ఆ సముద్రం ముందైనా నన్ను గుర్తుపట్టి ఒక్కసారి ఏమండీ అంటుందని ఆశ. ఇంకేమీ అడగను.

ఈ పొద్దున లేచేసరికి ఇంజను చప్పుడు లేదు. పసుప్పచ్చ గొడుగు ఎత్తిపట్టుకుని మమ్మల్ని తిప్పే గైడు పిల్ల టిఫిను దగ్గరికి వచ్చి, ఏదో శుభవార్త చెబుతున్నట్టు చెప్పింది. నదిలో నీళ్ళు తగ్గాయట, ముందంతా ఇసుక మేటలట, పడవ కదలదట. కంగారుపడకండి అంకుల్, మేటల అవతల ఇంకో పడవ ఉంది, అచ్చం ఇలాంటిదే, పెట్టెలు తలుపు బయట పెడితే అదే నంబరు గదిలో సర్దేస్తారు, ఆ పడవవాళ్ళు ఇటొస్తారు, మనం బస్సులో అటెళ్తాం అంది. పక్క బల్ల దగ్గర రిటైరైన జడ్జిగారు, నది చూపిస్తామని పిలిచి బస్సు కిటికీ చూపిస్తారా అని మండిపడ్డాడు. ఇంట్లో ఉంటే పగలంతా టీవీ చూస్తారు, అదీ కిటికీయే, మాట్లాడకుండా ఎక్కండి అంది ఆయన భార్య.

దారంతా గోదాములు, టైర్ల కొట్లు, దుమ్ము. నది జాడే లేదు. మీ వదిన కిటికీ పక్కన కూర్చుని ఉన్నట్టుండి నా బట్టతల నిమిరి పకపకా నవ్వింది. ఎప్పుడు కొట్టించేశావు, ఏం బాగాలేదు అంది. మళ్ళీ వస్తుందిలే అన్నాను. ఈ వయసులో కూడా ఎంత సరదానో అని వెనక సీట్లోంచి జడ్జిగారి భార్య మెచ్చుకుంది.

భోజనాల హాల్లో ఆ పడవవాళ్ళు ఎదురయ్యారు. ఇల్లు మారేవాళ్ళలా ఒకళ్ళనొకళ్ళం ఎగాదిగా చూసుకున్నాం. ఒకావిడ నన్ను నంబరు అడిగి, అయితే మా గదేనండీ మీకు, కుళాయి కారుతుంది, ముందే చెప్పాను, తర్వాత నన్ను తిట్టుకోకండి అంది.

కుళాయి సంగతలా ఉంచితే గైడు పిల్ల చెప్పింది నిజమే. అదే తివాచీ, అదే పరదా, గోడ మీద అదే పూలబొమ్మ. గదులు ఊడ్చే ఆమె పొద్దున మా పాత గదిని ఫోనులో ఫొటో తీసుకుందట. అది చూసి మీ వదిన దువ్వెన, కళ్ళజోడు పెట్టె, మాత్రలు ఎక్కడివక్కడే పెట్టింది. అక్షరం తేడా పట్టుకోవడం తప్ప ఇంకో విద్య రానివాణ్ణి, నాకే తేడా దొరకలేదు.

మీ వదిన మాత్రం గుమ్మంలో ఆగిపోయింది. ఇది మన గది కాదు అంది. అదే ఆంటీ, ఇదిగో మీ దువ్వెన అంది గైడు పిల్ల. దువ్వెన నాదే, గది కాదు, కాదంటే కాదమ్మా అని గుమ్మం పట్టుకుని నిలబడింది.

రెండు గదులకు తేడా తెలిసిన మనిషికి ఇద్దరు మనుషులకు తేడా తెలియదా అనుకున్నాను. సముద్రం దాకా ఆగలేకపోయాను. ఆమె చెయ్యి పట్టుకుని, నన్ను చూడు, నేనెవర్ని అని అడిగాను. చాలాసేపు చూసింది. గది మారితే మారిందిలే, మనిషి మారలేదు కదా, అది చాలు అని లోపలికి వచ్చి మంచం మీద కూర్చుంది.

గైడు పిల్ల కళ్ళు తుడుచుకుంది. చూసి నేర్చుకోండి అని, పక్క గది ముందు నిలబడ్డ జడ్జిగారికి భార్య చేత వాతలు పడ్డాయి. నేను తల వంచుకుని పెట్టె తాళం వెతుక్కున్నాను.

కుళాయి కారుతోంది. మీ వదిన నిద్రపోయింది. రేపు సముద్రం.

ఇట్లు,
మీ అన్న

తా.క. అసలు సంగతి రాయకుండా కవరు అంటించలేకపోతున్నాను. పెళ్ళయిన నాటి నుంచీ మీ వదినకు నేను ఏమండీనే. మతి తప్పాక నన్ను నువ్వు అనడం మొదలుపెట్టింది. ముసలితనంలో చనువు పుట్టిందనుకుని లోలోపల మురిశాను. మొదటి పడవ ఎక్కిన రోజున నా భుజం మీద తల పెట్టుకుని, ఎంత ఆలస్యం చేశావు, ఈలోగా మీ అన్నయ్య వచ్చి నన్ను ఇంటికి తీసుకుపోతాడేమోనని భయపడి చచ్చాను అంది. నేనే ఆ అన్నయ్యనని చెప్పాను. భోరుమని ఏడ్చింది. అప్పటి నుంచి దిద్దడం మానేసి ఊఁ కొడుతున్నాను. బస్సులో ఆమె వెతుక్కున్నది నీ జుట్టు. మారని ఆ మనిషివి నువ్వు. రేపు ఆమె చెయ్యి పట్టుకుని నీళ్ళ ముందు నిలబడేది నేను, మాట నిలబెట్టుకున్నవాడివి నువ్వు. ఆనాడు రేవుకు రానందుకు నిన్ను ఎప్పుడో క్షమించాను. నువ్వు రాకపోబట్టే కదా నాకు సంసారం దక్కింది? ఇన్నేళ్ళూ రానివాడివి ఇప్పుడు నా చోటులోకి వచ్చావు చూడు, అందుకు ఈ కట్టె కాలేదాకా నిన్నే అంటాను. నిన్నే, గిరజాలోడా.